చదువు వెంట వచ్చిన ఆట

హైదరాబాదుకు ఉత్తరంగా, రాజీవ్ రహదారికి కొంత లోపలగా ఉండే మర్కూక్, తెలంగాణ జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగిన 11 అక్టోబరు 2016న సిద్దిపేట జిల్లాలో కొత్త మండల కేంద్రమయింది; అంతవరకు అది మెదక్ జిల్లాలో బావిని, చెరువును, వానను నమ్ముకొని బతికిన అనేక మెట్ట గ్రామాలలో ఒకటి. ఆ రోజుకు సుమారు ఐదు వారాల ముందు, 5 సెప్టెంబరు 2016న, జియో సంస్థ 4జీ సేవలను ప్రారంభించి తొలి నెలల్లో డేటాను ఉచితంగా పంచడంతో, అంతర్జాలం కోసం పట్నంలోని నెట్ సెంటర్ దాకా పోవలసిన అవసరం పల్లెలకు తప్పింది. ఈ రెండు తేదీలకు కార్యకారణ సంబంధమేదీ లేదు గాని, ఇటువంటి పల్లె సీమలో వినోద యంత్రాల చరిత్ర రాయదలచినవారు ముందుగా ఆగి చూసే మలుపు మాత్రం ఇదే. ఆ చరిత్రను వెనక్కి తవ్వుకుంటూ పోతే ఒక సంగతి పదే పదే ఎదురవుతుంది: తెలుగునాట ఆట తన పేరు చెప్పుకొని ఇంట్లో అడుగుపెట్టిన సందర్భాలు తక్కువ, భక్తి, చదువు, సేద్యం, ఉద్యోగం అనే పెద్దమనుషుల వెంట వచ్చి, వారు వెళ్లిపోయిన తరువాత కూడా ఇంట్లోనే ఉండిపోయిన సందర్భాలే ఎక్కువ. వీడియో గేమ్, అంటే తెర మీది బొమ్మలను చేతిలోని మీటలతో కదిలిస్తూ ఆడే ఆట, ఈ వరుసలో చివరిగా వచ్చిందే తప్ప కొత్త దారిన వచ్చింది కాదు.

పూర్వపు తెలంగాణ పల్లెల్లో ఆటకు పరికరం కొనవలసిన పని దాదాపు ఉండేది కాదు. అష్టాచెమ్మ ఆడడానికి అరుగు మీద బొగ్గుతోనో సుద్దతోనో ఐదు వరుసల చదరం గీసి, గవ్వలు లేనిచోట చింతగింజలను బండ మీద ఒకవైపు అరగదీసి, లోపలి తెలుపు బయటపడగానే వాటినే పాచికలుగా వాడుకునేవారు. నాలుగు గింజలూ తెల్లగా పడితే చెమ్మ, అంటే నాలుగు, నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. మూడు పులులు, పదిహేను మేకలతో ఆడే పులిజూదానికి గుడి మండపంలోని రాతిపలకే పటమయ్యేది. చిర్రగోనె, గోటీలు, గచ్చకాయలు పిల్లలవి కాబట్టి వాటిని ఎవరూ ప్రశ్నించలేదు. పెద్దలు ఆడాలంటే మాత్రం ఏదో ఒక అనుమతి కావలసి వచ్చేది. శివరాత్రి జాగరణలో నిద్ర రాకుండా పచ్చీసు ఆడితే అది వ్రతంలో భాగమై దోషం అంటేది కాదు. పుణ్యపాపాల పేర్లు రాసిన గళ్లతో, నిచ్చెన ఎక్కితే పైలోకాలకు, పాము నోట పడితే కింది జన్మలకు చేర్చే వైకుంఠపాళి మరింత తెలివైన ఏర్పాటు, ఎందుకంటే అందులో ఆటే ధర్మబోధగా ముద్రవేయించుకొని ఇంట్లోకి వచ్చింది. గవ్వలు ఎలా పడితే అలా పోయే కాయలకు నీతితో ఏం సంబంధమని అడిగినవారు ఉన్నట్టు కనిపించదు. పచ్చీసు సముద్రం కూడా దాటింది. బ్రిటన్ చేరి, గవ్వలకు బదులు చుక్కల పాచికను తగిలించుకొని, 1896లో లూడో పేరుతో పేటెంటు పొంది, తిరిగి ఈ దేశానికే అట్ట పటంగా అమ్ముడుపోయింది.

పెద్దల ఆటకు అనుమతి ఇవ్వగల అధికారం ఇరవయ్యో శతాబ్దంలో గుడి నుంచి న్యాయస్థానానికి మారింది. నిజాం ప్రభుత్వం 1305 ఫసలీలో, అంటే సుమారు 1895-96 కాలంలో, చేసిన హైదరాబాదు జూద చట్టం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రావతరణ తరువాత కూడా తెలంగాణ ప్రాంతంలో అమలులో ఉండగా, సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 1967 నవంబరులో వెలువడిన ఆ తీర్పులో న్యాయస్థానం, మూడు ముక్కలాట కేవలం అదృష్టం మీద నడుస్తుందని, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది వదలాలో నిర్ణయించుకోవడం అవసరం కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అని తేల్చి, రాష్ట్ర ప్రభుత్వ అప్పీలును కొట్టివేసింది. ఆట నేరం కాకుండా ఉండాలంటే అందులో కొంత విద్య ఉండాలనే సూత్రం ఆ విధంగా తెలుగు నేల మీది కేసు ద్వారా దేశమంతటికీ వర్తించే ప్రమాణమయింది. తరువాతి అర్ధ శతాబ్దంలో ఆన్‌లైన్ ఆటల సంస్థలన్నీ తమ వాదనలకు పునాదిగా వేసుకున్నది దీనినే.

ఆ తీర్పు వెలువడిన 1967లోనే హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, స్థాపితమయింది. పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో ఎదిగిన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసింది. నగరంలోని ఏఎస్ రావు నగర్ ఆయన పేరిట వెలసినదే. అణుశక్తి విభాగం అవసరాల కోసం పుట్టిన ఈ సంస్థకు పల్లె వినోదంతో సంబంధం ఉంటుందని ఎవరూ అనుకోరు గాని, ఆ సంబంధం 1975లో ఏర్పడింది. అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని వాడుకొని భారత ప్రభుత్వం 1 ఆగస్టు 1975 నుంచి 31 జులై 1976 వరకు నిర్వహించిన సైట్ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలకు చెందిన 2,400 గ్రామాలలో టీవీలు పెట్టారు; ఆ టీవీలను తయారుచేసింది ఈసీఐఎల్. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలను గొడుగులా వంచి చేసిన యాంటెనాతో ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా పట్టుకొని, సాయంత్రం బడి ముందు కూడిన ఊరివారికి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి, పగలు పిల్లలకు పాఠాలు చూపించడం ఈ ప్రయోగ లక్ష్యం. తెలంగాణ పల్లెలు కొన్నింటికి తొలి టీవీ ఈ రూపంలోనే, మాస్టారి వేషంలో వచ్చింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలై, ఆపై దశాబ్దంలో సర్పంచు ఇంటి ముందో పంచాయతీ ఆఫీసులోనో పెట్టిన టీవీ ముందు జనం గుమిగూడినది ఎరువుల మోతాదు కోసం కాదని, సినిమా పాటల చిత్రలహరి కోసమని, ఆదివారం సినిమా కోసమని ఆ తరం వారందరికీ తెలిసిన విషయమే.

టీవీ ఇళ్లలో కుదురుకున్న తరువాతనే వీడియో గేమ్‌కు చోటు దొరికింది. ప్రపంచంలో ఈ ఆట వయసు అప్పటికే మూడు దశాబ్దాలు: 1962లో అమెరికాలోని ఎంఐటీలో యువ ప్రోగ్రామర్లు పరిశోధనా కంప్యూటరు మీద స్పేస్‌వార్ రాశారు, 1972లో అటారీ సంస్థ పాంగ్ ద్వారా దానిని నాణెం వేస్తే ఆడే పెట్టెగా మార్చింది, 1983లో జపానుకు చెందిన నింటెండో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని ఇంటి టీవీకి తగిలించి ఆడేలా అమ్మింది. అధిక దిగుమతి సుంకాల వల్ల అసలు యంత్రం తెలుగు మధ్యతరగతికి అందలేదు. 1990లలో దానికి బదులు దొరికినవి తైవాన్, చైనాలలో తయారైన నకళ్లు. లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో, ఇంకెన్నో పేరు లేని డబ్బాలుగా, కోఠి, ఆబిడ్స్, సికింద్రాబాదు దుకాణాల నుంచి జిల్లాలకు చేరాయి. ఒక తరం తెలుగు పిల్లలకు తొలి పరిచయం అసలుతో కాక నకలుతో జరిగిందనేది సిగ్గుపడవలసిన విషయం కాదు. ఆ నకళ్లు లేకపోతే పరిచయమే ఉండేది కాదు.

ఆ యంత్రాన్ని ఆడించడమే ఒక చిన్న సాంకేతిక విద్య. యాంటెనా తీగ పీకి ఆ రంధ్రంలో గేమ్ తీగ పెట్టి, టీవీ మరను మెల్లగా తిప్పుతూ చుక్కల వాన మధ్య బొమ్మ నిలిచేదాకా వెతకాలి. క్యాసెట్ అని అందరూ పిలిచిన చిప్పుల పెట్టెను గాడిలో దిగ్గొట్టాలి. తెర బూడిదరంగుకు తిరిగి ఆగిపోతే క్యాసెట్‌ను బయటకు తీసి, అడుగున బంగారు రంగు పళ్ల మీద నోటితో ఊది మళ్లీ పెట్టాలి. ఊదడం వల్ల కన్నా, తీసి పెట్టడంలో పళ్లు సరిగ్గా ఆనడం వల్లే ఆట మళ్లీ మొదలయ్యేదని ఇంజనీర్లు చెబుతారు గాని, ఊదకుండా పెట్టిన పిల్లవాడు ఎక్కడా కనిపించడు. క్యాసెట్ మీద లక్షల ఆటలున్నట్టు అంకె రాసి ఉన్నా లోపల ఉండేవి పదో ఇరవయ్యో, అవే పేర్లు మార్చుకొని తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో బాతులను కాల్చే డక్ హంట్ తుపాకీ అందరినీ ఆశ్చర్యపరచింది, ఎందుకంటే తుపాకీ నుంచి తెర మీదకు ఏదీ వెళ్లదు. మీట నొక్కిన క్షణంలో తెరంతా నల్లబడి బాతు ఉన్నచోట మాత్రమే తెల్లని చదరం ఒకటి మెరుస్తుంది, గొట్టం చివరనున్న కాంతి గ్రాహకం ఆ తెలుపును పట్టుకుంటే గురి తగిలినట్టు లెక్క. తుపాకీ కాల్చదు, చూస్తుంది; పాత గాజు తెర టీవీలు పోయి పలక టీవీలు వచ్చాక ఆ తుపాకులన్నీ గుడ్డివైపోవడానికి కారణం కూడా ఇదే.

ఈ నకలు యంత్రాలలో కొన్ని అక్షరాల పలకతో, అంటే కీబోర్డుతో, వచ్చాయి. టైపింగ్, లెక్కలు, ఇంగ్లీషు నేర్పుతుందని డబ్బా మీద ప్రకటించుకున్న ఆ యంత్రాన్ని కొన్న తండ్రి కంప్యూటరు కొన్నాననుకున్నాడు, కొనిపించిన కొడుక్కి మాత్రం కాంట్రా, సూపర్ మేరియో దొరికాయి. కొనలేనివారికి చిన్న పట్టణాలలో గంట లెక్కన ఆడించే గదులు ఉండేవి. ఆటల స్వభావాన్ని నిర్ణయించింది కథ కాదు, వసూలు పద్ధతి అనేది ఇక్కడ గమనించదగింది: నాణెం పెట్టెలో ఆట రెండు మూడు నిమిషాలలో ఓడించకపోతే యజమానికి నష్టం కాబట్టి అది కఠినంగా ఉండేది, క్యాసెట్ ఒకసారి అమ్ముడైతే చాలు కాబట్టి అందులో ఆట పొడవుగా సాగేది, నేటి ఫోను ఆట ఉచితంగా దొరికి, ఆడేవాడిని రోజూ రప్పించి, మధ్యలో కొద్దికొద్దిగా కొనిపించవలసి ఉంది కాబట్టి అది పూర్తి కావడమే ఉండదు.

ఇంటి కంప్యూటరు కథ కూడా ఇంతే. 22 నవంబరు 1998న ప్రధాని వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత, అమీర్‌పేట శిక్షణ కేంద్రాలకు జిల్లాల నుంచి యువకులు బస్సుల నిండా తరలివస్తున్న రోజుల్లో, కంప్యూటరు కొనడాన్ని ఉద్యోగానికి పెట్టుబడిగా భావించారు. చదువు మాత్రం రోజుకు కాసేపే. మిగిలిన కాలం రోడ్ రాష్ బైకులది, నెట్ సెంటర్లలోనైతే కౌంటర్-స్ట్రైక్ తుపాకులది. మైక్రోసాఫ్ట్ 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్ అనే ముక్కలాటను చేర్చినప్పుడు, మౌస్‌తో వస్తువును పట్టుకొని లాగి వదలడం కొత్తవారికి అలవాటు చేయడం కూడా దాని ఉద్దేశమని చెబుతారు. ఆటను చదువు ముసుగులో దాచడం తెలుగువారి ప్రత్యేకత అనుకునేవారికి, అమెరికా ఆఫీసులలో అదే పని జరిగిందన్న విషయం కొంత ఊరట కలిగించవచ్చు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం స్థిరపడిన తరువాత ఆట చదువుకు శత్రువుగా కాక, జీతంగా మారిన దశ వచ్చింది. హైదరాబాదుకు చెందిన ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ 2008లో గజిని హిందీ చిత్రం ఆధారంగా కంప్యూటరు ఆట తయారుచేసింది. సెవెన్ సీస్ వంటి స్థానిక సంస్థలు, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, గేమ్‌లాఫ్ట్ వంటి విదేశీ సంస్థల శాఖలు నగరంలో పనిచేశాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేక విధానం ప్రకటించింది. ఈ పరిశ్రమలో చాలామందికి దొరికింది ఆటను ఊహించే పని కాదు, ఎక్కడో ఊహించిన ఆటకు బొమ్మలు గీసే పని, లేదా పరీక్షించే పని. పరీక్షించడమంటే ఆడుకోవడమని బంధువులు అనుకుంటారు. వాస్తవానికి పరీక్షకుడు చేసేది, ఒక పాత్రను గోడ పొడవునా నడిపిస్తూ అడుగడుగునా గోడకు గుద్దించి, ఎక్కడైనా అది గోడలోంచి అవతలికి జారిపోతుందేమో చూడడం. జారితే ఏ అడుగు దగ్గర, ఏ కోణంలో, ఎన్నిసార్లు జారిందో రాసి పంపడం. సరిచేసిన ప్రతి వచ్చాక అదే గోడను మళ్లీ మొదటి నుంచి గుద్దించడం. ఆటను వృత్తిగా చేసుకున్నవాడు ఇంటికి వచ్చి ఆడకపోవడానికి, ఆడినా తన పిల్లలను ఆడనివ్వకపోవడానికి ఈ శ్రమ కొంత కారణం కావచ్చు.

ఈ రంగానికి తెలుగువారి వైపు నుంచి అతి పెద్ద పేరు మాత్రం ఆటలు రాసినవారిది కాదు, కొన్నవారిది. హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధిపతి అయి, అదే ఏడు మైన్‌క్రాఫ్ట్ ఆట సంస్థను 250 కోట్ల డాలర్లకు, 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ సంస్థను దాదాపు 6,870 కోట్ల డాలర్లకు సంస్థ పరం చేశారు. క్యాండీ క్రష్ కూడా ఆ రెండో కొనుగోలులో భాగమే కాబట్టి, మధ్యాహ్నం వంట ముగించి ఫోనులో రంగు మిఠాయిలు కలిపే ఇల్లాలు సైతం ఆ లెక్కలోకి వస్తుంది.

ఫోను అన్ని ముసుగులలోకీ పెద్దది. అది మాట్లాడడానికి వచ్చింది. 1997లో నోకియా 6110లో చేర్చిన పాము ఆట, తరువాతి చవక ఫోన్ల ద్వారా, ఆటల యంత్రం అనే ఊహే లేని పొలంగట్టు దాకా చేరింది. 2016 తరువాత చవకైన డేటాతో అదే ఫోను టీవీ, రేడియో, పత్రిక, పేకముక్క అన్నీ అయింది. 2018లో వచ్చిన పబ్జీ మొబైల్, నూరుమందిని ఒక ద్వీపంలో దింపి చివరికి మిగిలినవారిని విజేతగా ప్రకటించే ఆట, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడే సౌకర్యం వల్ల రచ్చబండ సరదాను కొంతవరకు తిరిగి తెచ్చింది. అయితే ఆ మాటలు పక్క గదిలోని పెద్దలకు ఒకే ఒక్క మనిషి గోడతో గొడవపడుతున్నట్టు వినిపించేవి. పూర్వపు అష్టాచెమ్మలో ఆడేవారి కన్నా చూసేవారు ఎక్కువ, సలహా చెప్పేవారు ఇంకా ఎక్కువ. అరచేతి తెరలో ఆ మూడో వ్యక్తికి చోటు లేకపోవడం ఈ మార్పులన్నింటిలో లోతైనది.

కరోనా మూసివేతతో 2020లో ఈ చరిత్ర విచిత్రమైన సంధికి వచ్చింది. తెలంగాణలో బడి పిల్లలకు 1 సెప్టెంబరు 2020న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. ఉపగ్రహం ద్వారా పల్లెకు పాఠం పంపడమనే సైట్ నాటి ఆలోచనే నలభై అయిదేళ్ల తరువాత మళ్లీ అమలయింది. పాఠాల కోసం, మాస్టారు వాట్సాప్‌లో పంపే పనుల కోసం అప్పోసప్పో చేసి ఫోన్లు కొన్న కుటుంబాలకు లెక్కలేదు. మరుసటి రోజే, 2 సెప్టెంబరు 2020న, దేశ భద్రత కారణాలతో కేంద్ర ప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధించింది. చదువు ఫోనును ఇంట్లోకి తెచ్చిన వారంలోనే ఆ ఫోనులోని అతి పెద్ద ఆటను రాజ్యం బయటికి పంపింది. ఖాళీని వేరే ఆటలు వెంటనే పూరించాయి. వాటిలో 2016లో వచ్చిన లూడో కింగ్ మూసివేత కాలంలో ఇంటిల్లిపాది ఆటయింది. గవ్వల పచ్చీసు లండన్ చుట్టివచ్చి గాజు పలక మీద మళ్లీ పరచుకుందని, ఆడుతున్న అవ్వలకు ఎవరూ చెప్పలేదు.

అదే 2020లో, మే 29న, మర్కూక్ దగ్గర కొండపోచమ్మ సాగర్ ప్రారంభమయింది. గోదావరి నీటిని అక్కారం, మర్కూక్ పంపుహౌసుల ద్వారా ఎత్తిపోసి 15 టీఎంసీలు, అంటే పదిహేను వందల కోట్ల ఘనపుటడుగులు, నిలిపే ఈ జలాశయం కాళేశ్వరం పథకంలో పంటల కోసం కట్టినది. దీనికీ ఆటల చరిత్రకూ సంబంధమేమిటని అనిపించవచ్చు గాని, సెలవు రోజున హైదరాబాదు నుంచి బైకుల మీద, కార్లలో వచ్చి కట్ట మీద ఫోను కెమెరాలు ఎత్తే యువకులకు అది సేద్యపు నిర్మాణం కాదు, పెద్ద తెర లాంటి దృశ్యం. వారిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఉండడం దూరం చూస్తే సహజమే. సేద్యం పేరుతో వచ్చిన నీరు విహారానికి చెందడం, సైట్ టీవీ చిత్రలహరికి చెందడం ఒకే కోవలోవి. మొదటి ఉద్దేశం రద్దు కాలేదు, దాని పక్కన రెండోది కూర్చుంది.

చివరిగా చట్టం సంగతి. నైపుణ్యం ఉంటే ఆట, లేకపోతే జూదం అన్న 1967 నాటి గీత ఫోనులో నిలువలేదు. ఇంటి గదిలో కూర్చొని రాత్రంతా డబ్బు పోగొట్టుకునే వీలు క్లబ్బు కాలంలో లేదు; క్లబ్బుకు తలుపు వేసే వేళ ఉండేది. తెలంగాణ ప్రభుత్వం 2017లో తన జూద చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 22 ఆగస్టు 2025న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ ఆటల చట్టం మరింత ముందుకు వెళ్లి, డబ్బు ఆటను నిర్వచిస్తూ అది నైపుణ్యం మీద నడిచినా, అదృష్టం మీద నడిచినా, రెండింటి మీద నడిచినా ఒక్కటేనని చెప్పింది. పోటీగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేకుండా వినోదం కోసమో నైపుణ్యం పెంపు కోసమో ఆడే ఆటలను ప్రోత్సహించదగినవిగా వేరుచేసింది. ముక్కలు గుర్తుంచుకునే విద్య ఉందన్న కారణంతో సికింద్రాబాదు రమ్మీకి దొరికిన రక్షణ తెర మీది రమ్మీకి ఆ విధంగా తొలగిపోగా, పెద్దగా విద్య అవసరం లేని లూడోకు, పందెం లేనంతవరకు, వినోదం అనే తన సొంత పేరుతోనే చట్టంలో చోటు దొరికింది.